శిశిరంలో మోడు, గ్రీష్మంలో ముడతల పూలు: మీ పెరటి పొద పేరేమిటంటే

మీరు రాసిన వివరాలు చదివి, పంపిన నాలుగు ఫోటోలూ రెండు మూడుసార్లు చూశానండి. కొత్తగా చేరిన ఇంటి పెరట్లో ఒక పొద. చలికాలంలో ఒక్క ఆకు లేకుండా మోడుగా ఉంది, చిటారు కొమ్మలకు గోధుమరంగు ఎండుకాయలు మాత్రం వేలాడుతున్నాయి. చుట్టుపక్కల మొక్కలన్నీ చిగురించినా ఇది ఉలకలేదు, పలకలేదు. చచ్చిపోయిందని కొట్టేయబోతుంటే ఎర్రటి చిగురు వేసింది. ఇప్పుడు ఎండలు ముదిరాక గులాబీరంగు పూలగుత్తులు. పక్కింటావిడ గోరింట జాతి అన్నారు, మీ మామగారు పూల దానిమ్మ అన్నారు, ఫోన్‌లో యాప్ ఒక్కో ఫోటోకు ఒక్కో పేరు చెప్పింది. ఇదీ మీరు అడిగింది.

ఇది క్రేప్ మిర్టిల్. శాస్త్రీయనామం లాగర్‌స్ట్రోమియా ఇండికా. మీరు పూల ఫోటో ఒక్కటే పంపి ఉంటే "అయి ఉండవచ్చు" అని రాసేవాణ్ణి. మీ చలికాలం ఫోటో చూశాక ఆ మాట అక్కర్లేకపోయింది.

ముందు మీ పక్కింటావిడ గురించి, మామగారి గురించి ఒక మాట. ఇద్దరూ పేరు తప్పు చెప్పారు గానీ ఇద్దరి కన్నూ మంచిదే. గోరింట, దానిమ్మ, క్రేప్ మిర్టిల్ మూడూ ఒకే కుటుంబం, లిత్రేసీ. దానిమ్మను చాలాకాలం విడిగా ఒక కుటుంబంగా లెక్కపెట్టి, తర్వాత ఇందులో కలిపారు. ఈ మూడింటిలోనూ పూరేకులు మొగ్గలో సాపుగా మడిచినట్టు ఉండవు, నలిపి కుక్కినట్టు ఉంటాయి. మొగ్గ విచ్చుకున్నాక కూడా ఆ నలుగుడు పోదు. పెట్టె అడుగున కుక్కిన పల్చటి చీరను తీసి దులిపినట్టు ఉంటుంది రేకు. క్రేప్ అనే ముడతల బట్ట పేరు ఈ మొక్కకు వచ్చింది అందుకే. బాగా ఉబ్బిన మొగ్గ ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య మెల్లగా నొక్కండి, నలిగిన రేకుల ఉండ బయటికి వస్తుంది. కాబట్టి ఆ ముడత చూసి గోరింటో దానిమ్మో అనుకోవడం సహజం. వాళ్ళు చూసింది కుటుంబ పోలిక. అన్నదమ్ముల పిల్లల్లో ఎవరు ఎవరో తేల్చాలంటే మాత్రం ముక్కు ఒక్కటే చూస్తే చాలదు కదా, మొక్క ఏడాది పొడుగునా ఏం చేస్తుందో చూడాలి.

అందుకే పువ్వును పక్కన పెట్టి, మీ మొదటి ఫోటోతో, అంటే చలికాలం మోడుతో మొదలుపెడతాను. చాలామంది ఆకు లేదు, పువ్వు లేదు, ఇంకేం గుర్తుపడతాం అని ఆ కాలంలో మొక్క వైపే చూడరు. ఆకురాల్చే పొదలకు అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం ఆ కాలంలోనే దొరుకుతుందని నా అనుభవం. పూల రంగును నర్సరీలు మారుస్తాయి, రేకుల వరుసలు పెంచుతాయి. ఎండుకాయ ఎలా పగలాలో మార్చాలని ఎవరూ అనుకోరు.

మీ ఫోటోను పెద్దది చేసి ఆ కాయను చూడండి. పొడవు సెంటీమీటరు, అంతకంటే కాస్త ఎక్కువ. గుండ్రంగా, కొస కొంచెం దీర్ఘంగా ఉంది. ఎండి పైనుంచి కిందికి చీలింది. చీలికలు లెక్కపెట్టాను, ఆరు. ఒక్కో కాయలో నాలుగో ఐదో ఉండటం కూడా కద్దు గానీ, గుత్తిలో ఎక్కువ కాయలు ఆరుగానే పగులుతాయి. కాయ అడుగున చిన్న గిన్నెలాంటిది ఉంది చూశారా, అది పువ్వు కింద ఉండే పచ్చటి రక్షకపత్రాల గిన్నె, ఎండినా రాలకుండా ఉండిపోయింది. దాని అంచుకూ ఆరు పళ్ళే. పైన ఆరు, కింద ఆరు. కాయను అరచేతిలో దులిపితే ఇంకా గింజలు మిగిలి ఉంటే రాలతాయి: చిన్నవి, ఒక పక్కకు రెక్క ఉన్నవి. గాలికి ఎగిరిపోవడానికి తయారైన గింజలు.

ఈ ఒక్క కాయతో దానిమ్మ పూర్తిగా తప్పుకుంటుంది. దానిమ్మ పండు నెత్తిన కిరీటం ఉంటుంది కదా, అది రక్షకపత్రాల శేషమే. అంటే దానిమ్మలో ఆ భాగం కాయకు పైన ఉంటుంది, క్రేప్ మిర్టిల్‌లో కాయకు కింద గిన్నెలా ఉంటుంది. పూల కోసమే పెంచే ముద్ద దానిమ్మలు చాలావాటికి కాయలే నిలవవు, అప్పుడు ముళ్ళు వెతకండి. దానిమ్మ చిన్న కొమ్మల కొసలు తరచుగా ముల్లుగా ముగుస్తాయి, మీ పొదకు ముల్లు అన్నది లేదు. గోరింట కూడా తప్పుకుంటుంది. దానిలో అంతా నాలుగు లెక్క: నాలుగు రక్షకపత్రాలు, నాలుగు రేకులు, ఎనిమిది కేసరాలు. కాయ మిరియపు గింజ కంటే కాస్త పెద్దది, అంతే. అది పగిలినా ఇలా నక్షత్రంలా విచ్చుకోదు, గింజలకు రెక్కలూ ఉండవు. పైగా గోరింట పువ్వు వాసన దూరానికే తెలుస్తుంది, దీని పువ్వుకు చెప్పుకోదగ్గ వాసన లేదు.

కాయ చీలికల లెక్క ఇంకో రెండు పొదల విషయంలోనూ అక్కరకొస్తుంది. రోజ్ ఆఫ్ షారన్ అనే మందార జాతి ఒకటుంది, హైబిస్కస్ సిరియాకస్. అదీ ఆకు రాలుస్తుంది, అదీ ఆలస్యంగా చిగురిస్తుంది, అదీ ఎండాకాలంలోనే పూస్తుంది, దానికీ చలికాలమంతా ఎండుకాయలు నిలుస్తాయి. మోడుగా ఉన్నప్పుడు ఈ రెండింటినీ తారుమారు చేసుకునేవాళ్ళు చాలామంది. దాని కాయ ఐదుగా చీలుతుంది, గింజ అంచున నూగు ఉంటుంది. చలిదేశాల్లో లైలాక్ అనే పొద ఉంది, దాని కాయ రెండుగా చీలుతుంది, అది పూసేదీ వసంతంలోనే. రెండు, ఐదు, ఆరు. చేతిలో కాయ ఉంటే పేరు సగం తేలిపోయినట్టే.

ఇక బెరడు. మీ రెండో ఫోటోలో అడుగున ఉన్న లావు కాండాలు చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. పైపొర పల్చటి పేలికల్లా ఊడిపోయి, లోపలి చర్మం నున్నగా, బూడిద, లేత గోధుమ, అక్కడక్కడ కొంచెం ఆకుపచ్చ కలిసిన మచ్చలతో మెరుస్తోంది. చేత్తో నిమిరితే పాలిష్ చేసిన కర్రలా ఉంటుంది. జపాన్ భాషలో దీని పేరు సరుసుబెరి, కోతి కూడా జారిపోయే చెట్టు అని అర్థం. చైనాలో దీనికున్న పేర్లలో ఒకటి చక్కిలిగింతలకు భయపడే చెట్టు. నున్నటి కాండం మీద గోటితో గీకితే పైన కొమ్మలు వణుకుతాయని అక్కడివాళ్ళు అంటారు. సన్నటి కాండాల పైన బరువైన పూలగుత్తులు ఉంటాయి కాబట్టి కింద తాకితే పైన కదలడంలో వింతేమీ లేదు గానీ, ఆ పేరు పెట్టినవాళ్ళు ఈ చెట్టును ఎంత దగ్గరగా చూసి ఉంటారో అనిపిస్తుంది నాకు. ఒక్క జాగ్రత్త: ఈ బెరడు గుర్తు కొన్నేళ్ళు వయసొచ్చిన కాండాలకే వర్తిస్తుంది. ఏటా కింద దాకా నరికేసిన పొదలో అన్నీ కుర్రకొమ్మలే ఉంటాయి, ఊడే బెరడు కనపడదు. అది చూసి ఇది వేరే మొక్క అనుకోకూడదు.

ఇప్పుడు మీరు కొట్టేయబోయిన ఆ రోజుల గురించి. ఆ మాట చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది, ఎందుకంటే నేను ఆ తప్పు నిజంగానే చేశాను. తోటపని మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ఇలాగే మోడుగా ఉన్న ఒక పాత క్రేప్ మిర్టిల్‌ను పక్కనున్నవన్నీ పచ్చబడ్డాక కూడా నెల చూసి, చచ్చిందని నమ్మి వేళ్ళతో సహా తవ్వించేశాను. గొడ్డలి దెబ్బ పడ్డ చోట బెరడు కింద పచ్చదనం, వేరులో తడి. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. ఈ మొక్కకు నేల, గాలి బాగా వెచ్చబడితే గాని కదలిక రాదు. వసంతంలో అందరికంటే చివర నిద్రలేచేవాటిలో ఇదొకటి, అది దాని స్వభావం. ఏ పొద మీదైనా ఇలాంటి అనుమానం వస్తే పెన్సిలంత లావు కొమ్మ మీద గోటితో పైపొర ఒక్క చోట గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయింది, అప్పుడు ఇంకా కిందికి వెళ్ళి మళ్ళీ గీకి చూడండి. మొదలు దగ్గర కూడా పొడిగా ఉంటేనే ఆశ వదులుకోవాలి.

చలి అంతగా లేని చోట ఇది ఆకును పూర్తిగా రాల్చకపోవచ్చు. సగం ఆకులతో దిగులుగా నిలబడి ఉంటుంది. అలాంటి చోట మోడు కోసం ఎదురుచూడకుండా కాయలను, బెరడును నమ్ముకోండి.

మూడో ఫోటో చిగురుది. లేత ఆకులు రాగిరంగులో, కొన్ని ఎర్రగా వచ్చి తర్వాత పచ్చబడ్డాయని రాశారు. అది సరిపోతుంది గానీ, ఎర్ర చిగురు వేసే మొక్కలు లెక్కలేనన్ని, దాన్ని సాక్ష్యంగా నేను పెద్దగా తీసుకోను. నేను చూసేది రెమ్మను. ఈ ఏడాది వచ్చిన లేతరెమ్మను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పండి. గుండ్రంగా తిరగదు, పలకలు తగులుతాయి. నాలుగు పలకలు, ఆ అంచుల్లో సన్నటి రెక్కలాంటి గీత. తర్వాత ఆకుల వరుస చూడండి. కొన్నిచోట్ల ఎదురెదురుగా జతలుగా ఉన్నట్టుంటాయి, కొన్నిచోట్ల జత కాస్త అటూ ఇటూ జరిగి ఉంటుంది. ఇంకా శ్రద్ధగా చూస్తే కొన్ని రెమ్మల మీద వరుసగా రెండు ఆకులు ఎడమవైపు, తర్వాతి రెండు కుడివైపు, మళ్ళీ రెండు ఎడమవైపు కనిపిస్తాయి. ఇలాంటి రెండేసి వరుస చాలా కొద్ది మొక్కల్లోనే ఉంటుంది. యాప్‌లు దీన్ని పట్టించుకోవు, మీరు పట్టించుకోండి. ఆకుకు తొడిమ దాదాపు లేనట్టే, రెమ్మకు అతుక్కుని ఉంటుంది. పొడవు రెండున్నర నుంచి ఏడు సెంటీమీటర్ల దాకా.

చివరికి పువ్వు దగ్గరికి వచ్చాం. మీ ఫోటో కొంచెం దూరం నుంచి తీసినది, గుత్తి అందంగా ఉంది గానీ లెక్కకు చాలదు. ఒక్క పువ్వును తుంచి కాగితం మీద పెట్టుకుని చూడండి. రేకులు సాధారణంగా ఆరు. ఒక్కో రేకు మధ్య గిన్నెను నేరుగా అంటుకుని ఉండదు, ముందు సన్నటి కాడ, ఆ కాడ చివర ముడతల విసనకర్ర. అందువల్ల రేకుకూ రేకుకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది, పువ్వు మొత్తం కుచ్చులు కుట్టిన చక్రంలా ఉంటుంది. మధ్యలో కేసరాలు ముప్పై ఆరు నుంచి నలభై రెండు దాకా ఉంటాయి, ఇక్కడే అసలు విశేషం. అవన్నీ ఒక రకం కావు. మధ్యలో గుంపుగా, పొట్టిగా, పసుపు కొనలతో ఉన్నవి ఎక్కువ. వాటి చుట్టూ పొడవుగా, వంపు తిరిగి, అంత మెరుపు లేని రంగులో ఆరు ఉంటాయి. ఈ పువ్వులో తేనె లేదు. తేనెటీగలు వచ్చేది పుప్పొడి కోసమే. పసుపు కేసరాలు వాటిని పిలిచి మేత పెడతాయి. తేనెటీగ ఆ మేతలో మునిగి ఉండగా, బయటి ఆరు పొడవు కేసరాలు దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి, ఆ పుప్పొడి ఇంకో పువ్వుకు చేరి కాయ కడుతుంది. ఒకే పువ్వులో వడ్డించే చేతులు వేరు, ఉత్తరం ఇచ్చి పంపే చేతులు వేరు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ప్రతి ఏడూ మొదటి పువ్వు విచ్చగానే ఆ ఆరింటినీ వెతుక్కుంటాను.

రెండు రకాల కేసరాలు కనిపిస్తే మాల్పీజియా అనే ఇంకో పూలపొదేమో అన్న అనుమానం కూడా పోతుంది. మీ యాప్ చెప్పిన పేర్లలో ఒకటి అదే కదా. దానికీ కాడ ఉన్న ముడతల గులాబీ రేకులే, చూడటానికి భలే పోలిక. కానీ దాని రేకులు ఐదు, కేసరాలు పది, రక్షకపత్రాల వెనుక ఉబ్బెత్తు నూనె గ్రంథులు ఉంటాయి, కాయ ఎండి పగలదు, ఎర్రటి పండవుతుంది.

ఇదే ప్రజాతిలో, అంటే శాస్త్రీయనామంలో ఇదే మొదటి మాట ఉన్న దగ్గరి బంధువుల్లో, ఇంకొకటి ఉంది, లాగర్‌స్ట్రోమియా స్పీసియోసా. రోడ్ల పక్కన ఊదారంగు పూలతో కనిపించే చెట్టు. దానికీ ఆరు రేకులే, ఆరు చీలికలే, కాబట్టి అంకెలు ఇక్కడ పనిచేయవు. కొలతలు పనిచేస్తాయి. అది పెద్ద చెట్టు, దాని ఆకు మీ అరచేయి కంటే పొడవు, పువ్వు ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల వెడల్పు, కాయ రెండు సెంటీమీటర్లు దాటుతుంది. మీ పొద పువ్వు మూడు నాలుగు సెంటీమీటర్లకు మించదు. ఇంకో తిరుగులేని గుర్తు పువ్వు వెనక ఉంది: స్పీసియోసా రక్షకపత్రాల గిన్నె మీద నిలువునా గట్లు, కాలువలు ఉంటాయి, పొడి చల్లినట్టు నూగు ఉంటుంది. ఇండికాలో ఆ గిన్నె నున్నగా ఉంటుంది.

ఆకురాలే కాలం ఫోటో మీ దగ్గర లేదు, వచ్చే ఏడుకి తీసి పెట్టుకోండి. కాస్త చలి తగిలే చోట ఆకు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోకి మారి రాలుతుంది. తెల్లపూల రకాలు ఎక్కువగా పసుపుకు, ఎర్ర, గులాబీ పూల రకాలు నారింజ, ఎరుపులకు తిరుగుతాయి. వెచ్చటి చోట ఈ రంగులు అంతగా రావు.

పేరులో ఇండికా అని ఉంది కాబట్టి ఇది భారతదేశపు మొక్కేనా అని మీకు అనిపించవచ్చు. ఈ పేరు పెట్టింది స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్, 1759లో. స్వీడన్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు మాగ్నస్ వాన్ లాగర్‌స్ట్రోమ్ ఆయనకు తూర్పుదేశాల మొక్కలు తెప్పించి ఇచ్చేవాడు, ఆ కృతజ్ఞతే ప్రజాతి పేరు. ఇండికా అన్న మాట ఆ కాలంలో తూర్పుదేశాలన్నిటికీ వదులుగా వాడేవారు. దీన్ని తోటల్లో ఎంతోకాలంగా పెంచి తీర్చిదిద్దింది ముఖ్యంగా చైనావాళ్ళు. వంద రోజులు ఎర్రగా పూసేది అన్న పేరు కూడా చైనా, కొరియా, జపాన్‌లలో దీనికి ఉంది. పూత అంతకాలం సాగుతుంది, మీరే చూస్తారు.

ఇందులో ఏ రకం అని కూడా అడుగుతారేమో. ఫోటో చూసి రకం పేరు చెప్పడం సరైన పని కాదు, గులాబీ రకాలే డజన్ల కొద్దీ ఉన్నాయి. ఒక్క సంగతి చూడవచ్చు. జపాన్‌లోని యకుషిమా దీవికి చెందిన లాగర్‌స్ట్రోమియా ఫౌరియై అనే జాతితో ఇండికాను కలిపి అమెరికా నేషనల్ ఆర్బొరేటం అనే చెట్ల పరిశోధన తోటలో డోనాల్డ్ ఎగోల్ఫ్ అనే శాస్త్రవేత్త చాలా సంకరాలు తయారుచేశారు, వాటికి అక్కడి ఆదివాసుల తెగల పేర్లు పెట్టారు: నాచెజ్, మస్కోగీ, టస్కరోరా లాంటివి. ఫౌరియై రక్తం ఉన్నవాటిలో చాలావాటికి లోపలి బెరడు దాల్చినచెక్క రంగులో ఎర్రగా ఉంటుంది, ఆకు మీద బూడిద తెగులు కూడా తక్కువ. మీ కాండం బూడిదరంగులో ఉంది, ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తోందని కూడా రాశారు. అందుకని మీది పాతకాలపు ఇండికా వైపే మొగ్గుతుంది. ఆ తెల్లటి పొడే బూడిద తెగులు. గాలి, ఎండ ఆడేలా లోపలి సన్నకొమ్మలు కొన్ని తీసేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

పేరు తెలిసింది కాబట్టి కత్తిరింపు గురించి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. ఇది ఆ ఏడు వచ్చిన కొత్తరెమ్మ చివరనే పూస్తుంది. కాబట్టి మోడుగా ఉండగా, చిగురు రాకముందే కత్తిరించాలి. చిగురించాక కొసలు కత్తిరిస్తే ఆ పూతను చేతులారా పోగొట్టుకుని, ఇంకో పూత కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఎలాగూ కొత్తరెమ్మకే పూస్తుంది కదా అని కొందరు ఏటా లావు కొమ్మలన్నీ ఒకే ఎత్తులో నరికేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నరికిన చోట గడ్డలు కట్టి, అక్కడినుంచి సన్నటి పుల్లలు గుంపుగా లేచి, పూల బరువుకు వంగిపోతాయి. అంత అందమైన బెరడూ, కొమ్మల వంపూ మళ్ళీ రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఎండినవి, మొదలు దగ్గర లేచే పిలకలు తీస్తే చాలు. ఎండుకాయల గుత్తులు కోయాలా అంటే, అందుబాటులో ఉంటే కోయండి, లేకపోతే వదిలేయండి, వాటివల్ల మొక్కకు నష్టం లేదు. నీడలో ఉంటే మాత్రం ఏం చేసినా పూత పల్చగానే ఉంటుంది. మీ ఫోటోలో ఒక పక్క గోడ నీడ పడుతోంది, ఆ పక్క గుత్తులు చిన్నవిగా ఉండటానికి కారణం అదే.

వీలైతే ఒక పువ్వును వెనక్కి తిప్పి, గిన్నె కనపడేలా దగ్గరగా ఒక ఫోటో, లేతరెమ్మ మీద ఆకుల వరుస కనపడేలా ఇంకో ఫోటో తీసి పెట్టండి. రేకులు త్వరగా రాలిపోతాయి గానీ గుత్తిలో మొగ్గలు ఇంకా చాలా ఉన్నాయి, తొందరేమీ లేదు. పక్కింటావిడకు, మామగారికి కూడా కాయను చేతిలో పెట్టి చీలికలు లెక్కపెట్టమనండి.